చంపినాక ఎవరికి చెప్పుకోవాలి?

ఆదివాసీల మీద సభ ఎక్కడ జరిగినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మీరు ప్రకృతి బిడ్డలు." చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు. శాలువా కప్పి మరీ చెబుతారు. కానీ ఆ మాటను తిరగేసి చూస్తే వెనకవైపు ఒక ప్రశ్న కనబడుతుంది. ప్రకృతి బిడ్డలు సరే, మరి వీళ్ళు మనుషుల లెక్కలో ఉన్నారా, చెట్టూ పుట్టా జింకా లెక్కలో ఉన్నారా? ఇది నేను కల్పించిన అనుమానం కాదు. 1879లో అమెరికాలో ఒక కోర్టు సరిగ్గా ఈ ప్రశ్న మీదే కూర్చుంది.

పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్‌ను, ఆయన జనాన్ని ప్రభుత్వం నెబ్రాస్కా నుంచి దక్షిణాన ఇండియన్ టెరిటరీకి తరలించింది. అక్కడ ఆయన కొడుకు చనిపోయాడు. సొంత నేలలోనే పాతిపెట్టాలని కొడుకు శవంతో వెనక్కి బయలుదేరిన తండ్రిని సైన్యం పట్టుకుంది. విడిపించమని కోర్టుకు వెళితే ప్రభుత్వ వకీలు చేసిన వాదన ఏమిటంటే, చట్టం దృష్టిలో ఇండియన్ 'వ్యక్తి' కాదు, కాబట్టి కోర్టు గడప ఎక్కే హక్కే అతనికి లేదు. ఒమాహాలో జడ్జి ఎల్మర్ డండీ ఆ వాదన ఒప్పుకోలేదు. ఇండియన్ కూడా వ్యక్తేనని ఆ ఏడు మే నెలలో తీర్పు ఇచ్చాడు. అంటే అప్పటిదాకా అది తీర్పు కావలసిన విషయంగానే ఉందన్నమాట.

ఈ సంగతి ముందుగా ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పోస్ట్‌హ్యూమనిజం అనే ఆలోచన బాగా నడుస్తోంది. తెలుగులో మానవానంతర వాదం అంటున్నారు. పేరు బరువుగా ఉన్నా విషయం చిన్నదే. లోకానికి మనిషి కేంద్రం కాదు. జంతువులు, చెట్లు, నీళ్ళు, చివరికి యంత్రాలు కూడా మనిషితో కలిసి బతుకును తయారు చేస్తున్నాయి. కాబట్టి మంచిచెడ్డల లెక్క మనిషి దగ్గర ఆగకూడదు. డోనా హారవే, రోసీ బ్రైడోటీ వంటివాళ్ళు దీని గురించి చాలా రాశారు. మన పిల్లల్లో పీజీ చదివేవాళ్ళు ఈ పేర్లు విని, "ఇది మన తాతలు చెప్పిందే కదా" అని సంబరపడుతున్నారు. కెనడాకు చెందిన మేటీ పరిశోధకురాలు జోయీ టాడ్ 2016లో అచ్చయిన వ్యాసంలో ఇదే విషయాన్ని సంబరంగా కాక నిష్ఠూరంగా చెప్పింది: యూరపు పండితులు కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నదాన్ని మూలవాసీ జాతులు ఎంతో కాలంగా ఆలోచిస్తున్నాయి, కానీ ఆ జాతుల మేధావుల పేర్లు మాత్రం ఆ పుస్తకాల్లో ఉండవు. ఆమె నిష్ఠూరం న్యాయమైనది. నా అభ్యంతరం దానికి ఇంకొంచెం అవతల ఉంది. మనిషి అనే పీఠం మీద ఎన్నడూ కూర్చోనివ్వని జనానికి "ఇక పీఠం దిగండి" అని చెప్పడంలో అర్థం ఏముంది? దిగవలసింది ఎక్కినవాళ్ళు కదా.

ఈ ప్రశ్న పెట్టుకుని ఉత్తర అమెరికా నవలల్లో మూలవాసులు, నల్లజాతివాళ్ళు, ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు రాసినవి చదివితే సిద్ధాంత గ్రంథాల్లో దొరకనిది ఒకటి దొరుకుతుంది. అదేమిటో పుస్తకాల్లోంచే చూద్దాం.

లెస్లీ మార్మన్ సిల్కో న్యూమెక్సికోలోని లగూనా ప్యూబ్లోలో పెరిగిన రచయిత్రి. ఆమె నవల 'సెరిమనీ' 1977లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ అడవుల్లో పోరాడి, మనసు చెదిరి ఇంటికొచ్చిన తాయో అనే యువకుడి కథ అది. తెరిపి లేని వానలో, బురదలో చావుబతుకుల్లో ఉన్న అన్నను మోస్తూ తాయో వానను శపిస్తాడు. ఇంటికొచ్చేసరికి ఇక్కడ కరువు. తన శాపం వల్లనే వాన పోయిందని అతని నమ్మకం. సైన్యం డాక్టర్లకు అది జబ్బు. నవలకు మాత్రం అది జబ్బూ నిజమూ రెండూ.

ఇందులో ఉపాధ్యాయులు తప్పకుండా చదవవలసిన చిన్న ఘట్టం ఒకటుంది. బడిలో టీచరు ఈగలు రోగాలు మోస్తాయని చెబుతుంది. చిన్న తాయో ఇంటికొచ్చి వంటింట్లో ఈగలన్నిటినీ చంపి కుప్ప పోస్తాడు. మేనమామ జొసాయా చూసి కొట్టడు, తిట్టడు. ఒకప్పుడు తల్లి దేవతకు మనుషుల మీద కోపమొచ్చి కరువు వస్తే, వెళ్ళి క్షమించమని అడిగింది ఈగేనని కథ చెబుతాడు. పిల్లవాడు బిక్కమొహం వేస్తే, మనుషులు పొరపాట్లు చేస్తారని ఈగలకు తెలుసులే అని ఊరడిస్తాడు. టీచరు చెప్పింది అబద్ధమని మాత్రం అనడు. సిల్కో కూడా అనదు. ఈగలు ముసిరిన తిండి తినొద్దని మనం రేపూ చెబుతాం, చెప్పాలి కూడా. అయితే బడి మాట ఒక్కటే ఉన్నచోట ఈగకు బాకీ ఉన్నామన్న సంగతి పిల్లవాడికి తెలిసే దారి లేదు. రెండు మాటలూ ఒకే పిల్లవాడి తలలో పక్కపక్కన కూర్చోగలవని ఈ ఘట్టం చూపిస్తుంది.

వేట ఘట్టం కూడా ఇలాంటిదే. జింకను కొట్టాక తాయో తన కోటు తీసి దాని మొహం మీద కప్పుతాడు. పెద్దవాళ్ళు దాని ముక్కు మీద మొక్కజొన్న పిండి చల్లి ఆత్మకు ఆకలి తీరుస్తారు. బడి చదువు బాగా ఒంటబట్టిన రాకీ సిగ్గుపడి మొహం తిప్పుకుంటాడు. జింకను చంపకుండా ఉన్నారా? లేదు. తింటారు. ప్రేమ వల్ల చేతులు కట్టుకుని కూర్చోవడం లేదు. చంపాక చేయవలసిన పని ఒకటుంది, అది చేస్తున్నారు. మన దగ్గర కొత్త పంట ముట్టుకునే ముందు, చెట్టు కొట్టే ముందు, వేట పంచుకునేటప్పుడు జరిగే పనులు తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనబడదు. వింత కాదు కాబట్టే దీనికి 'ప్రకృతి ప్రేమ' అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. అప్పు తీర్చేవాణ్ణి షావుకారుకు ప్రేమికుడని ఎవరూ అనరు.

ఈ మాటకు అసలైన పరీక్ష లిండా హోగన్ 'పవర్' నవలలో ఉంది. హోగన్ చికసా జాతి కవయిత్రి, నవలా రచయిత్రి. ఈ పుస్తకం 1998లో వచ్చింది. కథ ఫ్లోరిడాలో జరుగుతుంది. అక్కడ పాంథర్ అనేది మన చిరుత కాదు. మచ్చలుండవు, గోధుమ రంగు ఒళ్ళు, ప్యూమా జాతి. అందుకే ఇక్కడ పాంథర్ అనే రాస్తున్నాను. అది చట్టం రక్షించే జంతువు. ఒక దశలో మొత్తం 20, 30కి మించి మిగల్లేదు. సొంత రక్తంలోనే జతకట్టి బలహీనపడిపోతుంటే 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదలవలసి వచ్చింది.

కథ చెప్పేది ఓమిష్టో అనే పదహారేళ్ళ అమ్మాయి. ఆమె తైగా తెగ పిల్ల. తైగాలు కూడా సుమారు ముప్పై మందే మిగిలారు. తల్లి చర్చికి, పట్నానికి దగ్గరైంది. మారుతండ్రి అంటే పిల్లకు భయం. ఆమెకు ఆసరా అమా అనే ఒంటరి స్త్రీ, వరసకు అత్తలాంటిది. పెద్ద తుపాను అడవిని కూల్చేసిన మర్నాడు అమా పాంథర్ జాడ పట్టుకుని వెళ్ళి దాన్ని కాల్చి చంపుతుంది. ఓమిష్టో పక్కనే ఉంటుంది. తైగాలు పాంథర్‌ను సిసా అంటారు. మనుషులకన్నా ముందు ఈ లోకంలోకి వచ్చింది అదే. లోకం చెడినప్పుడు సిసాను బలి ఇస్తే లోకం మళ్ళీ కొత్తదవుతుందని వాళ్ళ కథ. అమా ఆ కథను నమ్మి చంపింది.

తరువాత రెండు విచారణలు జరుగుతాయి. మొదటిది ప్రభుత్వ కోర్టు. జాబితాలో ఉన్న జంతువును చంపావా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. చంపిన జంతువు దేహం దొరకదు, అమా బయటపడుతుంది. నవల ఇక్కడ ముగిస్తే మనం చప్పట్లు కొట్టి లేచేవాళ్ళం. హోగన్ ముగించలేదు. రెండో విచారణ తైగా పెద్దల ముందు. వాళ్ళ ప్రశ్న వేరు: చంపితే చంపావు, తోలు తెచ్చి మాకు ఎందుకు అప్పజెప్పలేదు? సిసాను చంపినవాళ్ళు తెచ్చి చూపాలి, అది కట్టుబాటు. అమా తేలేదు, ఎందుకు తేలేదో చెప్పదు. ఓమిష్టోకు కారణం తెలుసు. ఆ పాంథర్ బక్కచిక్కి, రోగంతో, చూడలేనట్టుగా ఉంది. తమ పెద్ద అక్కలాంటి జీవం ఇలా అయిపోయిందని చూస్తే ఆ ముసలివాళ్ళ గుండె పగిలిపోతుంది, ఆశ చచ్చిపోతుంది. అందుకే చెప్పవద్దని అమా పిల్ల దగ్గర మాట తీసుకుంది. పెద్దలు నాలుగేళ్ళు వెలి వేస్తారు. ముప్పై మంది ఉన్న తెగలో వెలి అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ నవల మనిషికీ జంతువుకీ మధ్య గీత చెరిపేసిందని మెచ్చుకోవచ్చు. అలా మెచ్చుకుంటే సగమే చదివినట్టు. గీత చెరిగితే రెండో విచారణ ఉండదు. అమా వేరు, సిసా వేరు, వాళ్ళిద్దరి మధ్య జరిగినదానికి జవాబు అడిగే పెద్దలు వేరు. ముగ్గురూ విడివిడిగా ఉన్నారు కాబట్టే ఒకరికొకరు బాకీ పడతారు. ప్రభుత్వ కోర్టు కూడా పాంథర్ వైపే ఉంది, నిజమే. కానీ దాని దృష్టిలో పాంథర్ ఎవరికీ బంధువు కాదు, జాబితాలో ఒక పేరు. ఆ పాంథర్ తిరిగే అడవిని రోడ్లుగా, ఇళ్ళ స్థలాలుగా మార్చినవాళ్ళను పిలిచి నిలబెట్టే కోర్టు నవలలో ఎక్కడా లేదు. నవల మొత్తంలో నన్ను ఎక్కువ కుదిపింది ఈ లేని మూడో విచారణే.

దీని వెనక నిజంగా జరిగిన కథ నీడ ఉంది. 1983 డిసెంబరులో ఫ్లోరిడా సెమినోల్ తెగ ఛైర్మన్ జేమ్స్ బిల్లీ, బిగ్ సైప్రస్ రిజర్వేషన్‌లో ఒక పాంథర్‌ను చంపాడు. 1987లో కేసులు నడిచాయి. మా రిజర్వేషన్‌లో వేట మా హక్కు, ఇది మా మతాచారం అని వాదించాడు. అంతరించే జీవుల చట్టం రిజర్వేషన్‌కు కూడా వర్తిస్తుందని ఫెడరల్ జడ్జి అన్నాడు. చివరకు ఫెడరల్ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది, రాష్ట్ర జ్యూరీ నిర్దోషి అంది. హోగన్ నవలలో సెమినోల్‌లు లేరు, తైగా అనేది ఆమె కల్పించిన తెగ. ఇందులో మర్యాద ఉంది. వేరే జాతివాళ్ళ పూజను, రహస్యాన్ని తన పుస్తకంలో అమ్మకానికి పెట్టలేదు. మన గూడేల మీద నవలలు రాసే మైదాన రచయితలు ఈ ఒక్కటి నేర్చుకున్నా చాలు. అయితే నష్టమూ ఉంది. నిజం కేసులో నలిగిన ఒప్పందాలు, రిజర్వేషన్ మీద ఎవరి చట్టం చెల్లుతుంది అన్న పేచీ నవలలో పలచబడ్డాయి. తెగను కల్పించినప్పుడు తెగకున్న హక్కు పత్రాలను కల్పించడం కష్టం. పాఠకుడు పాంథర్ కోసం ఏడ్చి, భూమి సంగతి అడగకుండానే పుస్తకం మూసేయవచ్చు.

నల్లమలలో చెంచు యువకులకు, కవ్వాల్ చుట్టూ గోండు, కోలాం, నాయకపోడు గూడేల పిల్లలకు ఈ నవల చెబితే చాలా వేగంగా అర్థమవుతుంది. వన్యప్రాణి చట్టం 1972ది, అటవీ హక్కుల చట్టం 2006ది. ఒకటి పులి పేరుతో, ఇంకొకటి మన పేరుతో. పులినీ మననూ ఎదురెదురుగా నిలబెట్టి ఎవరు కావాలో తేల్చుకోండి అనే మాట మనం విన్నదే. అమా కథలోని పెద్దలు ఆ పందెం ఆడరు. వాళ్ళకు సిసా కావాలి, అమా కావాలి, కట్టుబాటూ కావాలి. మూడూ దక్కవని తెలిసే తీర్పు చెబుతారు.

ఇప్పటిదాకా చెప్పినవి మూలవాసీల పుస్తకాలు. ఇదంతా పాత తెగల ఆచారం, నేటి పట్నాలకు పనికిరాదు అనుకునేవాళ్ళు రూత్ ఒజెకి నవల 'మై ఇయర్ ఆఫ్ మీట్స్' చదవాలి. ఇదీ 1998దే. ఒజెకి తల్లి జపాను మనిషి, తండ్రి అమెరికన్. నవలలో జేన్ అనే టీవీ దర్శకురాలు జపాన్ ప్రేక్షకుల కోసం అమెరికా గొడ్డుమాంసం అమ్మిపెట్టే వంటల కార్యక్రమం తీస్తూ ఊరూరా తిరుగుతుంది. తిరిగే కొద్దీ డీఈఎస్ అనే మందు కథ బయటపడుతుంది. నిజంగానే అమెరికాలో గర్భం నిలవడానికని స్త్రీలకు ఇచ్చిన మందు అది, పశువులు త్వరగా బలిసేందుకు వాడినదీ అదే. కడుపులో పిల్లలకు హాని అని తేలాక 1971లో గర్భిణులకు ఇవ్వవద్దన్నారు, పశువులకు 1979లో నిషేధించారు. నవలలో జేన్ తల్లి ఆ మందు వాడింది, ఆ ఫలితం జేన్ గర్భసంచి మీద ఉంది. పశువుల దొడ్డిలో పెరిగే ఐదేళ్ళ పాపకు అప్పుడే పెద్దపిల్ల లక్షణాలు కనబడతాయి. ఆవు ఒళ్ళూ ఆడదాని ఒళ్ళూ ఒకే మందుతో కలిశాయి. గీత చెరిగిపోవడం అంటే ఇదీ! చెరిపింది జ్ఞానం కాదు, కంపెనీ. ఆ కబేళాలో మొహం మీద కోటు కప్పే తాయో లేడు, తోలు ఏదని అడిగే పెద్దలూ లేరు. రోజుకు ఎన్ని పశువులు కోసినా ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కరలేదు. నవలగా ఇది కొంచెం గందరగోళంగా ఉంటుంది, చివర అన్నీ చకచకా సర్దుకుంటాయి. అయినా దొడ్డి, కబేళా భాగాల కోసం చదవాలి.

జెస్మిన్ వార్డ్ 'సాల్వేజ్ ది బోన్స్' 2011లో నేషనల్ బుక్ అవార్డు పొందిన నవల. మిసిసిపీలో పేద నల్ల కుటుంబం, కత్రినా తుపానుకు అటూ ఇటూ కలిపి పన్నెండు రోజులు. స్కీటా అనే కుర్రవాడికి చైనా అనే కుక్క ప్రాణం. అదే కుక్కను పందేలకు దింపుతాడు, దాని పిల్లలను అమ్మి ఇల్లు గడుపుదామని చూస్తాడు. వరదలో కడుపుతో ఉన్న చెల్లెలు కొట్టుకుపోతుంటే కుక్కను వదిలి చెల్లెలిని పట్టుకుంటాడు. తరువాత అది వస్తుందని కూర్చుని ఎదురుచూస్తాడు. నల్లవాళ్ళను జంతువులతో సమానం చేసి కొని అమ్మిన దేశంలో, పారిపోయినవాళ్ళ మీదికి కుక్కలను వదిలిన దేశంలో ఒక నల్ల పిల్లవాడికి కుక్కతో ఈ బంధం ఉందని రాయడానికి ధైర్యం కావాలి. వార్డ్ రాసింది, సంజాయిషీ ఇవ్వకుండా.

భాష సంగతి కూడా చెప్పాలి, ఉపాధ్యాయులం కాబట్టి. పోటవాటమీ జాతికి చెందిన వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమెరర్ 2013లో 'బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్' అనే వ్యాసాల పుస్తకం తెచ్చింది. తన జాతి భాషను పెద్దయ్యాక నేర్చుకుంటూ, అందులో చెట్టుకూ పక్షికీ ఇంట్లోవాళ్ళకు వాడే వ్యాకరణమే వాడతారనీ, అఖాతం అనే మాట కూడా ఆ భాషలో క్రియేననీ గమనిస్తుంది. ఇంగ్లీషు మాత్రం మనిషిని తప్ప అన్నిటినీ వస్తువును చేసిందంటుంది. చాలా అందమైన వ్యాసం. కానీ వ్యాకరణం మారితే నడత మారుతుందన్న ఆశ మీద నాకు కొంచెం అనుమానం. తెలుగు చూడండి. కొడుకు వచ్చాడు. కూతురు వచ్చింది, మేక వచ్చింది, బస్సు వచ్చింది. వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని మనం చెప్పే పాఠమే ఇది. క్రియ దగ్గర తెలుగు ఆడపిల్లనూ మేకనూ ఏనాడో ఒక గాట కట్టింది. అది మేక మీద గౌరవంతో చేసిన పని అని ఎవరైనా అంటారా? కలిపేయడం ఒక్కటే చాలదు, ఎవరు ఎవరిని దేని కోసం కలిపారో అడగాలి. పిల్లల చేత మన ఇంటి భాషల్లో ఈ లెక్క తీయిస్తే మంచి పాఠమవుతుంది.

అడవి తరఫున కోర్టుకు వెళ్ళే పని ఇప్పుడు నవలలు దాటి బయటికి వచ్చింది. లూయిస్ ఎర్డ్రిక్ 'ట్రాక్స్' నవలలో, 1988, కలప కంపెనీ బండ్లు వచ్చేసరికి ఫ్లర్ అనే ఓజిబ్వే స్త్రీ తన చుట్టూ చెట్లన్నిటినీ మొదట్లో ముందే కోసి ఉంచుతుంది. గాలి వీచగానే అవి బండ్ల మీద కూలుతాయి. ఆమెకు వేరే కోర్టు లేదు. 2018లో మినెసోటాలోని వైట్ ఎర్త్ ఓజిబ్వేలు మనూమిన్‌కు, అంటే చెరువుల్లో తనంత తానే పెరిగే అడవి ధాన్యానికి, హక్కులున్నాయని తమ చట్టం చేసుకున్నారు. 2021లో లైన్ 3 చమురు పైపులైను వేసేటప్పుడు సుమారు 500 కోట్ల గ్యాలన్ల నీటిని తోడిపోయడానికి రాష్ట్ర అధికారులు అనుమతి ఇస్తే, ఆ ధాన్యమే ఫిర్యాదిగా తెగ కోర్టులో కేసు పడింది. 2022 మార్చిలో తెగ అప్పీలు కోర్టే కేసు కొట్టేసింది. నీళ్ళు తోడిన చోటు రిజర్వేషన్ గీతకు అవతల ఉంది, తోడినవాళ్ళు తెగవాళ్ళు కారు, వాళ్ళను పిలిచి అడిగే అధికారం మాకు లేదని చెప్పింది. అప్పటికి ఐదు నెలలుగా పైపులో చమురు పారుతోంది.